మూడో సీలు

పళ్ళ డాక్టరు కారు దిగుతూనే డిక్కీ తెరిచి, అందులోంచి ఒక పెద్ద అట్ట తీసుకొచ్చి షెడ్డు గోడకు ఆనించాడు. ఏదో టీవీ పెట్టెను విప్పి చదును చేసిన అట్ట అది. దాని నిండా ఆయిలు మరకలు. ఒక్కో మరక చుట్టూ బాల్‌పెన్నుతో గుండ్రంగా గీత గీసి, పక్కన తారీఖు, వేళ, ఆ రోజు కారు ఎంత దూరం తిరిగిందీ రాసిపెట్టాడు. రిటైరైన మనిషికి పొద్దుపోవాలి కదా. నలభై ఏళ్ళు జనం నోళ్ళలోకి తొంగిచూసినవాడు ఇప్పుడు కారు కిందకు తొంగిచూస్తున్నాడు.

"మూడోసారి, మేస్త్రీ," అన్నాడు డాక్టరు. కోపంగా ఏమీ అనలేదు. పన్ను పీకక తప్పదని చెప్పేటప్పుడు వాడే గొంతుతోనే అన్నాడు.

మేస్త్రీ కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టి ఆ అట్టను చూస్తూ నిలబడ్డాడు. పక్కనున్న కోడలు మాత్రం తారీఖులు ఒక్కొక్కటే చదివింది. ఊళ్ళో తిరిగిన రోజుల్లో ఒక్క చుక్క లేదు. దూరం వెళ్ళొచ్చిన రోజుల్లో అరచెయ్యంత మరక. ఇదేదో వింతగా ఉందే అనుకుంది గానీ, మామగారి ముఖం చూసి, చక్రాలకు పెట్టే దిమ్మలు తేవడానికి వెళ్ళింది.

కారు సంగతి కాస్త చెప్పాలి. అది కోడలికన్నా పదేళ్ళు పెద్దది. మీగడ రంగు, గుండ్రటి దీపాలు, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసిన చప్పుడు. ఇంజను ముందుంటుంది, తోసేవి వెనక చక్రాలు. మధ్యలో గేర్ బాక్సు. దాని వెనక కొసలోంచి ఒక పొడుగాటి షాఫ్టు వెనక చక్రాల దాకా పోతుంది. షాఫ్టు గేర్ బాక్సులోకి దూరే చోట, లోపలి ఆయిలు బయటికి రాకుండా ఒక రబ్బరు సీలు ఉంటుంది. చంటిపిల్ల గాజంత ఉంటుంది, అంతే. ఆ కాస్త రబ్బరు ముక్క నాలుగు నెలలుగా ఒక పెద్దమనిషికి కంటిమీద కునుకు లేకుండా చేస్తోంది.

నాలుగు నెలల కిందట ఈ కారుకు క్లచ్ ప్లేటు మార్చారు. అందుకోసం గేర్ బాక్సు మొత్తం దింపాల్సి వచ్చింది. అప్పటిదాకా చుక్క కారని కారు అప్పటి నుంచి కారడం మొదలుపెట్టింది. మేస్త్రీ వెనక సీలు మార్చాడు. మళ్ళీ కారింది. రెండోసారి సీలుతోపాటు, షాఫ్టు ముక్కు మీద గోటికి తగిలేంత గీత పడిందని, దాన్నీ కొత్తది వేశాడు. ఇదిగో, మళ్ళీ అట్ట నిండా మరకలు.

ఇంకెవరైనా అయితే పాత బండి అన్నాక కారకుండా ఉంటుందా అని దులిపేసుకునేవాళ్ళు. మేస్త్రీకి డెబ్బై రెండేళ్ళు. ఈ మధ్య ఆయనకు ఒక భయం పట్టుకుంది. ఏ పనికి వచ్చాడో మరిచి షెడ్డు గుమ్మంలో నిలబడిపోతున్నాడు. బిగించిన బోల్టునే మళ్ళీ బిగిస్తున్నాడు. నుదుటి మీది కళ్ళజోడు కోసం ఇల్లంతా గాలిస్తున్నాడు. కళ్ళజోడు సంగతి అందరిళ్ళలో ఉన్నదే. కానీ ఆయన అన్నగారు గడియారాలు బాగుచేసేవాడు. చివరి రోజుల్లో స్క్రూడ్రైవరు చేతికిస్తే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంటిది?" అని అడిగాడు. అడిగింది తమ్ముణ్ణే.

అందుకని, కారు మళ్ళీ కారుతోందని డాక్టరు ఫోను చేసిన మొన్న రాత్రి, భోజనాల దగ్గర మేస్త్రీ ఒక మాట అనేశాడు. "ఈసారి వేసే సీలు కూడా కారితే నా చేతిలో పని అయిపోయినట్టే. ఇక బ్రేకులు ముట్టను."

ఆ మాటకు బల్ల దగ్గర ముగ్గురూ తినడం ఆపేశారు. ఆ షెడ్డులో ఇంజను, క్లచ్, గేర్లు, కరెంటు పని ఏదైనా కోడలు చేస్తుంది. బ్రేకులు ఒక్కటే ఆయనవి. ఊరి ఆ చివర నుంచి కూడా జనం ఆయన చేతి బ్రేకుల కోసమే వస్తారు. బ్రేకులు మానేస్తానంటే ఆయన లెక్కలో మనిషిగా సగం మానేయడమే.

"సీలు కారిందని మనిషిని మూల కూర్చోబెడతారా ఎక్కడైనా?" అంది అత్తగారు. "మీరు కాళ్ళు ముడుచుకుని ఇంట్లో కూర్చుంటే వేపుకుతినేది నన్నే. అదీ నా భయం."

కొడుకు భూముల సర్వే ఆఫీసులో గుమాస్తా. పానా చేతికిస్తే పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. షెడ్డు విద్య అబ్బింది కోడలికే. పెళ్ళయిన కొత్తలో మామగారికి టీ ఇవ్వడానికి వచ్చి, విప్పిపెట్టిన ఇంజను ముందు గంటసేపు నిలబడిపోయింది. టీ చల్లారిపోయింది. ఆ చల్లటి టీ తాగుతూనే మేస్త్రీ ఆమెకు పిస్టను అంటే ఏమిటో చెప్పాడు. పదహారేళ్ళ కిందటి మాట అది.

ఇప్పుడు గేటు పక్కన ఒక బడి వ్యాను కూడా ఆగి ఉంది. ఇవాళ బడికి సెలవు కనుక బ్రేకులు మార్పించుకుపోదామని డ్రైవరు తెచ్చాడు. రేపు పొద్దున్నే ఇరవై మంది పిల్లలు అందులో ఎక్కాలి. "ముందు డాక్టరుగారిది తేల్చనీ, తర్వాత నీది," అన్నాడు మేస్త్రీ. డ్రైవరు సరేనని గోడ నీడన చాప పరుచుకుని నడుం వాల్చాడు.

షెడ్డు మధ్యలో మనిషి నిలబడేంత గొయ్యి ఉంది. దాని మీదకు కారును నడిపించి, చక్రాలకు దిమ్మలు పెట్టారు. కొత్త సీలును మేస్త్రీ నిన్నటి నుంచి వంటింట్లో ఒక గిన్నెలో, ఆయిల్లో నానబెట్టాడు. షెడ్డులో దుమ్ము పడుతుందని ఆయన చాదస్తం. తన గిన్నె పాడుచేశాడని అత్తగారి గోల. దాన్ని తేవడానికి ఆయన ఇంట్లోకి వెళ్ళాడు. డాక్టరు అట్టను వెనక్కి తిప్పి, శుభ్రంగా ఉన్న వైపు కొత్త గీతలకు చోటు చూసుకుంటున్నాడు.

కోడలు గోతిలోకి దిగింది. కారు గంట ప్రయాణం చేసి వచ్చింది కనుక గేర్ బాక్సు ఇంకా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. లోపల ఆయిలు ఎంత మిగిలిందో చూద్దామని పక్కనున్న బోల్టు వదులు చేసింది. రెండు చుట్లు తిరిగిందో లేదో, బుస్సుమని గాలి వచ్చి ముఖానికి కొట్టింది. ఆమె పానా పట్టుకుని అలాగే ఉండిపోయింది.

గేర్ బాక్సు వేడెక్కితే లోపలి గాలి ఉబ్బుతుంది. అది పోవడానికి బాక్సు నెత్తిన ఒక చిన్న రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రం మూసుకుపోతే గాలి వేరే దారి వెతుక్కుంటుంది, ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడి నుంచి ఆయిలును తోసుకుంటూ వస్తుంది. అన్నిటికన్నా మెత్తన వెనక సీలు. కాసేపు తిరిగితే కారదు, దూరం వెళ్తే కారుతుంది. డాక్టరు అట్ట మీద రాసి ఉన్నదంతా ఇదే. ఆయనకూ తెలియకుండా రోగనిర్ధారణ చేసిపెట్టాడు.

బాక్సు నెత్తి కింద నుంచి కనబడదు. మేస్త్రీ చెయ్యి లావు, భుజం ఈ మధ్య పైకి లేవడం లేదు. కోడలి చెయ్యి సన్నం. బాక్సుకూ కారు నేలకూ మధ్యనున్న సందులోకి మోచేతి దాకా దూర్చి, తడుముతూ పోయింది. వేడికి చర్మం చురుక్కుమంది. వేళ్ళకు ముందు జిడ్డు తగిలింది, తర్వాత ఏదో దారం. దారం పట్టుకుని లాగింది. చిన్న కర్ర బిరడా ఊడి చేతిలోకి వచ్చింది.

ఆ బిరడాను ఆమె ఎక్కడున్నా గుర్తుపట్టగలదు. గేర్ బాక్సు దింపి కిరసనాయిల్తో కడిగేటప్పుడు, ఆ రంధ్రంలోకి మురికి పోకుండా మేస్త్రీ ఒక కర్ర బిరడా పెడతాడు. చాకుతో తనే చెక్కుతాడు. తీయడం మరిచిపోకుండా కంటికి కనబడాలని దానికి జానెడు ఎర్రదారం కడతాడు. తోక లేని బిరడా పెట్టావంటే చెయ్యి విరగ్గొడతానని కోడలికి మొదట్లోనే చెప్పాడు. ఈ జాగ్రత్త ఇంకే షెడ్డులోనూ ఎవరూ తీసుకోరు. మరుపు రాకుండా ఇంత కట్టుదిట్టం చేసుకున్న మనిషి కాబట్టే, ఆ రంధ్రం మూసుకుపోయి ఉంటుందన్న ఊహే ఆయనకు తట్టలేదు. తన షెడ్డులో అలాంటిది జరగదని ఆయనకు అంత నమ్మకం. బాక్సు పైకెత్తి బిగించేటప్పుడు దారం మడతపడి పైన జిడ్డులో ఇరుక్కుపోయి ఉంటుంది.

నేను పెట్టానేమో అని ఆమె ఆశగా అనుకుంది. నిజంగా ఆశే అది. కానీ క్లచ్ మార్చిన వారం ఆమె ఊళ్ళోనే లేదు. చెల్లెలికి ఆపరేషన్ అయితే పదిరోజులు వెళ్ళి ఉండివచ్చింది. పైగా ముడి చూస్తే చాలు. మూడు చుట్లు చుట్టి కొసను లోపలికి దోపే ముడి మేస్త్రీది. ఆమెకు ఎన్నిసార్లు నేర్పినా రాలేదు.

"అమ్మాయీ, సీలు తెచ్చా," అని మేస్త్రీ గొంతు వినబడింది. ఆమె బిరడాను జేబులో వేసుకుంది.

సీలు ఎలాగూ మార్చాలి. అన్ని రోజులు గాలి తోసీ తోసీ దాని పెదవి వదులైపోయి ఉంటుంది. కాబట్టి పని మొదలైంది. షాఫ్టు వెనక కొసన నాలుగు బోల్టులు. విప్పే ముందు రెండు అంచుల మీదా కలిసేలా మేస్త్రీ సుద్దతో గీత గీయించాడు, తిరిగి బిగించేటప్పుడు అదే వరసలో కూర్చోవాలి, లేకపోతే కారు వేగం అందుకోగానే వణుకుతుంది. బోల్టులు ఊడాక షాఫ్టును వెనక్కి లాగారు. గేర్ బాక్సు కొసలోంచి నల్లటి ఆయిలు ధారగా పళ్ళెంలోకి పడింది.

తర్వాత మేస్త్రీ తనే మెట్లు పట్టుకుని గోతిలోకి దిగాడు. వంకర మొన ఉన్న చిన్న ఇనప ఊచను పాత సీలు అంచు కింద దూర్చి, అటు కొంచెం, ఇటు కొంచెం ఎత్తాడు. చుట్టూ ఉన్న ఇనుముకు గీత కూడా పడకుండా సీలు ఊడివచ్చింది. దాన్ని కోడలికి ఇచ్చి, లోపలి గాడిని గుడ్డతో తుడిచి, కళ్ళు మూసుకుని చూపుడువేలితో చుట్టూ తడిమాడు. కళ్ళు తెరిచి చూస్తే లేని గీతలు కూడా కనబడతాయని ఆయన అంటాడు.

"అవతల పెట్టు ఆ దీపం. వెలుగు కళ్ళలో కొడుతోంది."

ఆమె దీపం జరిపింది. కొత్త సీలును ఆయన రెండు వేళ్ళతో పట్టుకుని, సన్నటి స్ప్రింగు ఉన్న వైపు లోపలికి ఉండేలా తిప్పి, గాడి నోటికి ఆనించాడు. దాని మీద సరిగ్గా సరిపోయే పైపు ముక్క పెట్టి సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. చిన్న చిన్న దెబ్బలు, ఒకటి పైన, ఒకటి కింద, ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు. సీలు వంకర పోకుండా వెంట్రుకవాసి చొప్పున లోపలికి పోయింది. ఆఖరి దెబ్బకు చప్పుడు మారింది. మెత్తటి చప్పుడు పోయి గట్టి చప్పుడు వచ్చింది. ఆయన వెంటనే చెయ్యి ఆపాడు.

డెబ్బై రెండేళ్ళ చెయ్యి ఏమాత్రం వణకలేదు. కోడలు ఆ చేతినే చూస్తూ నిలబడింది. ఈ చేతికి ఏ వంకా పెట్టలేం. మొదటి సీలు కూడా ఇలాగే కూర్చుని ఉంటుంది, రెండోదీ అంతే. చెయ్యి చక్కగా చేసిన పనిని బుర్ర ఎక్కడో వదిలేసింది. ఆ సంగతి తెలిసింది ప్రపంచంలో ఆమె ఒక్కదానికే. జాలి వేసింది. భయం వేసింది. ఆ రెండిటి కింద ఇంకొకటి కూడా ఉంది. ఆయన బ్రేకులు మానేస్తే అవి వచ్చేది తనకే. ఆ పని చేతికి రావాలని ఆమె ఎన్నాళ్ళుగానో అనుకుంటోంది. ఇప్పుడు నోరు విప్పితే ఆ ఆశ కోసమే విప్పినట్టవుతుందా? తన మనసు మీద తనకే నమ్మకం చాలక, ఆయిలు డబ్బా అందుకుంది.

షాఫ్టు ముక్కుకు ఆయిలు పూసి, సీలు పెదవి మడత పడకుండా తిప్పుతూ లోపలికి దూర్చారు. సుద్ద గీతలు కలిపి బోల్టులు బిగించారు. తగ్గిన ఆయిలు పోశారు. డాక్టరు తాళం చెవి అందుకుని, "అవతలి ఊరి దాకా పోయొస్తా. అంత దూరమూ తిప్పి తేలిస్తేనే తేలినట్టు," అని బయల్దేరాడు.

గంటన్నర పట్టింది. అంతసేపూ మేస్త్రీ ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు. పానాలన్నీ తుడిచాడు. తుడిచినవాటినే మళ్ళీ తుడిచాడు. అత్తగారు టీ తెచ్చి, వరండా మెట్టు మీద కూర్చుని ఆయన్నే చూస్తూ ఉంది.

కారు వచ్చి ఆగింది. డాక్టరు అట్టను శుభ్రమైన వైపు పైకి ఉండేలా కింద పరిచాడు. అరగంట ఆగుదామన్నాడు. నలుగురూ నిలబడే ఉన్నారు. అరగంట గడిచాక డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని, నేల మీదకు వంగి, కారు కింద టార్చి వేసి చూశాడు. వేలితో సీలు చుట్టూ తడిమి, ఆ వేలును తెల్ల రుమాలుకు రాశాడు.

"చుక్క లేదు!" అన్నాడు, రుమాలు పైకెత్తి. "మేస్త్రీ, నీ చేతికి తిరుగు లేదయ్యా!"

మేస్త్రీ ముఖం వెలిగిపోయింది. అలా నవ్వి ఎన్ని నెలలైందో. "చూశావా?" అన్నాడు భార్యతో. "చెయ్యి అయిపోయిందన్నారు!"

"ఎవరన్నారు? మీరే అన్నారు," అంది అత్తగారు. అంటూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

డాక్టరు అట్ట చుట్టుకుని వెళ్ళిపోయాడు. మేస్త్రీ చొక్కా చేతులు పైకి మడుచుకుని గేటు వైపు కేకవేశాడు. "ఏమయ్యా, లే! బండి లోపలికి పెట్టు. బ్రేకులు చూసేద్దాం."

డ్రైవరు లేచి చాప దులుపుకున్నాడు. వ్యాను గోతి మీదకు వచ్చింది. కిటికీ అద్దం మీద ఏ పిల్లాడో వేలితో గీసిన బొమ్మ ఒకటి దుమ్ములో ఉంది. మేస్త్రీ ముందు చక్రం దగ్గర కూర్చుని నట్టుకు పానా తగిలించాడు.

"మావయ్యా, ఈ బండి నేను చూస్తా. మీరు పొద్దున్నించీ నిలబడే ఉన్నారు," అంది కోడలు.

"నేను కూర్చున్నా కదా ఇప్పుడు."

"కాసేపు పడుకుని లేవండి. ఈలోపు చక్రాలు విప్పుతా."

"ఏంటమ్మాయీ ఇవాళ? గోతిలో ఉన్నప్పట్నుంచి చూస్తున్నా, తేలు కుట్టినట్టున్నావు. చెప్పు."

ఆమె జేబులో చెయ్యి పెట్టి బిరడా తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఎర్రదారం ఆయిలుకు నల్లబడింది గానీ ముడి దగ్గర ఇంకా ఎర్రగానే ఉంది.

"డాక్టరుగారి బాక్సు నెత్తి మీదుంది. సీలు వేయకముందే తీశా," అంది.

మేస్త్రీకి ఇంకో మాట చెప్పక్కర్లేదు. గాలి, వేడి, దూరం, మరకలు, అన్నీ ఆయన కళ్ళ ముందు ఒక్కసారిగా కుదురుకున్నాయి. కళ్ళజోడు సర్దుకుని బిరడాను దగ్గరగా చూశాడు. తలెత్తి కోడలి ముఖంలోకి చూశాడు. ఆ చూపులో ఒక ఆశ ఉంది.

"నువ్వు పెట్టావా?" అన్నాడు.

అవునంటే అయిపోయేది. నేనే మావయ్యా, మరిచిపోయా అంటే, ఆయన నాలుగు తిట్టి, వ్యాను చక్రం విప్పుకునేవాడు. గేటు దగ్గర డ్రైవరు పళ్ళు తోముకునే పుల్ల విరుచుకుంటున్నాడు. వ్యాను లోపల చిన్న చిన్న సీట్లు వరసగా ఉన్నాయి.

"ఆ వారం నేను మా చెల్లి దగ్గరున్నా మావయ్యా. ముడి చూడండి."

ఆయన ముడి చూశాడు. బొటనవేలితో దాని మీది జిడ్డు తుడిచాడు.

"చెక్కడం గుర్తులేదు," అన్నాడు చివరికి. "పెట్టడం గుర్తులేదు. ముడి మాత్రం నాదే."

వరండా మెట్టు మీది నుంచి అత్తగారు లేచి వచ్చింది. ఆవిడకు సగం అర్థమైంది, ఆ సగం చాలు. "పుల్లముక్క! పుల్లముక్కకి ఇంత రాద్ధాంతమా? ఇప్పుడే కదా మనిషి నవ్వాడు. దాన్ని నీ జేబులోనే ఉంచుకుంటే నీ సొమ్మేం పోయింది అమ్మాయ్?"

కోడలు తల వంచుకుంది. అత్తగారి మాటలో తప్పేముంది? తను చేసిన పని అలాంటిదే.

"దాన్ననకు," అన్నాడు మేస్త్రీ. "పిల్లలెక్కే బండి ఇది. ఆయిలు కారితే అట్ట పాడవుతుంది. బ్రేకుల్లో నేనొకటి మర్చిపోతే?" ఆవిడ ముక్కు చీదుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయింది. వంటింట్లో గిన్నెలు అవసరమైన దానికన్నా గట్టిగా మోగాయి.

మేస్త్రీ నట్టు మీది పానా తీసి, దాన్ని కోడలి వైపు చాపాడు. లేచేటప్పుడు వ్యాను మడ్‌గార్డు పట్టుకుని లేచాడు. స్టూలు దగ్గరికి నడిచి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఏడుస్తున్నాడేమోనని ఆమె దగ్గరికి పోబోయింది. "పని చూడు," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

ఆమె పని చూసింది. నాలుగు చక్రాలూ విప్పింది, అరిగిపోయిన బ్రేకు లైనింగులు తీసి కొత్తవి వేసింది, పైపుల్లో గాలి పోయేదాకా డ్రైవరును పెడలు తొక్కమంది. మధ్యాహ్నం జారి సాయంత్రమైంది. ఇన్నేళ్ళుగా ఆమె బిగించిన ప్రతి నట్టు మీదా ఆయన చెయ్యి ఒకసారి పడేది. క్లచ్ అయినా అంతే, సైలెన్సరైనా అంతే. ఆమె అన్నీ బిగించి, అలవాటు కొద్దీ పక్కకు జరిగి నిలబడింది.

"ఒక్కసారి చూడండి మావయ్యా."

ఆయన స్టూలు మీది నుంచి కదల్లేదు. "నేను చూస్తానని తెలిస్తే నువ్వు సగమే చూస్తావు. వెళ్ళు, మళ్ళీ మొదట్నుంచి చూసుకో."

ఆమెకు రోషం వచ్చింది. సగం చూసేదాన్నా నేను? అయినా పానా తీసుకుని నాలుగు చక్రాలూ మొదటి నుంచి చుట్టివచ్చింది. వెనక ఎడమ చక్రం దగ్గర ఒక నట్టు పావు చుట్టు తిరిగింది. ఆమె దాన్ని బిగించింది. ఎవరికీ చెప్పకుండా, మిగతా మూడు చక్రాలూ ఇంకోసారి చూసింది.

వ్యానును రోడ్డు మీద పరీక్షించాలి. డ్రైవరు తాళం చెవి పట్టుకుని మేస్త్రీ దగ్గరికి వచ్చాడు. ఆయన దాన్ని తీసుకోకుండా కోడలిని చూపించాడు. తర్వాత ఆమె వెనకే వచ్చి, తలుపు తెరుచుకుని వ్యాను ఎక్కాడు. డ్రైవరు పక్క సీటు ఖాళీగానే ఉంది. అక్కడ కూర్చోలేదు. వెనక్కి పోయి, పిల్లల సీట్లలో ముందు వరసలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నాడు.

గోదాముల వెనక రోడ్డు సెలవు రోజు కాబట్టి ఖాళీగా ఉంది. కోడలు వ్యానును మెల్లగా తిప్పి, తిన్నగా ఉన్న చోట వేగం పెంచింది. పిల్లలను ఎక్కించుకుని డ్రైవరు ఏ వేగంలో పోతాడో ఆ వేగం దాకా తెచ్చింది. అద్దంలోంచి చూస్తే పెద్దాయన చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"గట్టిగా వేస్తున్నా. ముందున్న రాడ్డు పట్టుకోండి మావయ్యా."

"పిల్లలు పట్టుకుంటారా?" అన్నాడు ఆయన. "వెయ్యి."

కట్టుకున్న చేతులు అలాగే ఉన్నాయి. ఆమె పెడలు తొక్కింది. వ్యాను ఏ పక్కకూ లాగకుండా, రోడ్డు మధ్యలో తిన్నగా ఆగింది. పెద్దాయన ముందుకు ఊగి, మళ్ళీ వెనక్కి ఆనుకున్నాడు.

"మళ్ళీ," అన్నాడు మేస్త్రీ.

కోడలికి ఏడుపు వచ్చింది. ఏడుస్తూ బండి నడపకూడదని ఆయనే నేర్పాడు. అందుకని కాసేపు అక్కడే ఆపి ఉంచింది.